రెండో సమ్మెట

మొన్న మధ్యాహ్నం బ్రహ్మం మా ఇంటికి వచ్చాడు. ముందుగా ఫోన్ చేయలేదు. గేటు గడియ రెండుసార్లు చప్పుడు చేసి "అమ్మాయ్" అని పిలిచాడు. నరసరావుపేటలో మా వీధివాళ్ళు నన్ను మేడమ్ అంటారు, టీచరమ్మ అంటారు, నా పుస్తక సమీక్షలు చదివినవాళ్ళు వెనకాల ఇంకా ఏవేవో అంటారు. అమ్మాయి అని పిలిచేవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. కళ్ళజోడు వెతుక్కుని బయటికి వెళ్ళేసరికి, గళ్ళ చొక్కా, మాసిన పంచె, చంకలో గోనెసంచితో ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి, వాటిని గోడవారగా సర్ది, అప్పుడు వచ్చాడు. సంచిలోంచి ఒక చెక్కపలక తీసి నా రాతబల్ల మీద పెట్టాడు. నాలుగు ప్లైవుడ్ ముక్కలు, వాటి మీద సాగదీసి మేకులు కొట్టిన సైకిలు ట్యూబు, వెనకవైపు వేలాడుతున్న తీగలు. చూడగానే గుర్తుపట్టాను. "అంజిగాడు పోయాడమ్మా. ఆదివారం పెద్దకర్మ. నువ్వు నాలుగు ముక్కలు రాసియ్యాల" అన్నాడు.

అంజి పోయిన సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలియదని కాదు. అంతకు మూడు రోజుల ముందే మా పెదనాన్న కొడుకు సాంబశివరావు, నేను పుట్టి పెరిగిన ఊరివాళ్ళ ఫోన్ గ్రూపులో ఆ కబురు పెట్టాడు. "ఒక శకం ముగిసింది" అని రాసి, కింద ఒక పాత ఫొటో జత చేశాడు. అందులో సాంబన్నయ్య నిండుగా ఉన్నాడు, అంజి భుజం ఒకటి కనిపిస్తోంది. దాని వెనకాలే వరసగా చేతులు జోడించిన బొమ్మలు. "లెజెండ్" అని ఒకడు. "అలాంటి సంగీతం మళ్ళీ పుట్టదు" అని ఇంకొకడు. "ఇప్పటి పిల్లలకి ఏం తెలుసు, వినాలంటే ఆ రోజుల్లోనే వినాలి" అని మరొకడు, ఆ వినడం వృత్తిగా పెట్టుకుని బతికినవాడిలాగా. నేను ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయాను. అందులో ముగ్గురు, ఆ రోజు అంజి వాయిస్తుండగా జనరేటర్ తీగ పీకినవాళ్ళు. నాలుగోవాడు సాంబన్నయ్య, పీకమని చెప్పినవాడు. ఐదో మనిషిని నేను. నేను బొమ్మ పెట్టలేదు, కానీ అది నా గొప్పతనం కాదు. ఏం పెట్టాలో తోచక ఫోన్ పక్కన పడేశాను.

అంజి, బ్రహ్మం ఇద్దరూ మా ఊరివాళ్ళు కాదు. మాకు రెండు మైళ్ళ దూరంలో రాతి క్వారీ పక్కనున్న వాడ వాళ్ళది. అంజి క్వారీ పనివాడి కొడుకు. బ్రహ్మం వడ్రంగి ఇంట పుట్టి, ఉలి వదిలేసి రేడియోలు బాగుచేసేవాడు. మా ఇంటి రేడియో నెలకోసారి మూగపోయేది, నేను దాని రోగం ఏమిటో చీటీ మీద రాసి పాలేరు చేత పంపించేదాన్ని. ఆ చీటీల్లో కూడా నా నోరు ఊరుకునేది కాదు. "పోయినసారి మీరు బాగుచేసిన తర్వాత వార్తలు చెప్పే ఆయనకి జలుబు చేసింది, ఈసారి కాస్త మందు వేయండి" అని రాసిన గుర్తు. అంజి ఎక్కడినుంచో పాత కీబోర్డు ఒకటి సంపాదించాడు, మెట్లలో మూడు పలికేవి కావు. డ్రమ్ములకి తాహతు లేక, బ్రహ్మం పాడైపోయిన అలారాల్లోని బజర్ బిళ్ళలు పీకి ప్లైవుడ్ కింద అంటించి, పైన ట్యూబు బిగించి, పుల్లతో కొడితే స్పీకర్లో ధన్ మనేలా చేశాడు. చుట్టుపక్కల ఊళ్ళలో మేళాలు, డప్పులు, బ్యాండుమేళాలు ఉండేవి కానీ, ఇద్దరే మనుషులు, రెండే పెట్టెలు, ముప్పైమంది చేసేంత మోత చేయడం అప్పటికి ఎవరూ చూడలేదు. బ్యానర్ మీద ఎర్రరంగుతో "అంజి–బ్రహ్మం ఎలక్ట్రానిక్ మ్యూజిక్" అని రాయించుకున్నారు. రెండేళ్ళలో వాళ్ళు లేని పెళ్ళి ఊరేగింపు పెళ్ళి కాదన్నంతగా పేరొచ్చింది.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా ఇంట్లో మెచ్చుకోవడం అనే అలవాటు లేదు. కూర ఎంత బాగున్నా "తినబుద్ధవుతోంది" అనేవాడు మా నాన్న, అంతకు మించి ఒక్క అక్షరం దాటేవాడు కాదు. మా పెదనాన్న ఆ మాత్రం కూడా అనడు, రెండోసారి వడ్డించమని కంచం జరిపేవాడు. తప్పు దొరికితే మాత్రం ఇంటిల్లిపాదికీ పండగ. ఎవరి నడక, ఎవరి నవ్వు, ఎవరి పెళ్ళిలో పప్పులో ఉప్పు, ఏదీ వదిలేవాళ్ళు కాదు. వీళ్ళందరికీ మూలపుటమ్మ మా నాయనమ్మ. ఆమె పుట్టిల్లు మాచర్ల వైపు నాపరాళ్ళు తీసే ఊరు. పళ్ళు లేవు, అందుకని చిన్న ఇనప రోట్లో ఆకూ వక్కా వేసి టకటకా దంచుకునేది. శివరాత్రి ముందు మా వసారా నిండా మిరపకాయలు. పొద్దున్న వంటలయ్యాక ఆడవాళ్ళందరం గోనెపట్టాల మీద కూర్చుని తొడిమలు తీసేవాళ్ళం. ఘాటుకి ముక్కులు కారేవి, కళ్ళు మండేవి, చేతులు రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా భగభగమనేవి. ఆ మంటలో కూర్చుని ఊరినంతా ఏకిపెట్టడం మాకు కాలక్షేపం. నాయనమ్మ ఒక మాట అని రోలు మోగిస్తే, దానికి నేను ఇంకో మాట అంటించేదాన్ని. పెద్దవాళ్ళు పడిపడి నవ్వేవాళ్ళు. నేను రచయిత్రిని అయింది ఏ లైబ్రరీలోనో కాదు, ఆ మిరప రాశుల మధ్యే. నా రాతలో కారం ఎక్కువని అనేవాళ్ళకి ఇదే నా సంజాయిషీ.

ఇక అభిమాన సంఘం. దానికి సాంబన్నయ్య అధ్యక్షుడు. సంఘంలో పదిహేనుమంది ఉంటే పదకొండుమంది కార్యదర్శులు. వాళ్ళు మొదట చేసిన పని గుండ్రటి రబ్బరు స్టాంపు చేయించుకోవడం. "అంజి–బ్రహ్మం అభిమాన సంఘం" అని చుట్టూ అక్షరాలు, మధ్యలో వీణ బొమ్మ. ఆ ఇద్దరిలో ఎవరూ వీణ ముట్టుకుని ఎరగరు. సంఘంవాళ్ళకి పాటలో కావాల్సింది ఒక్కటే, దరువు. దరువు పడితే ఈల వేస్తారు, తుండుగుడ్డ గాల్లోకి విసురుతారు, ఒన్స్‌మోర్ అంటారు. వాళ్ళకి ప్రాణం రైలు పాట. అంజి కీబోర్డు మీద కూత వేస్తే బ్రహ్మం పలకల మీద చక్రాల మోత మొదలుపెట్టేవాడు. రైలు స్టేషన్లో కదిలి, జోరందుకుని, వంతెన మీదుగా పోయి, చివరికి బ్రేకు వేసేది. ఒక పెళ్ళిలో దాన్ని ఏడుసార్లు వాయించమన్నారు. ఏడోసారి అంజి కూత వేయబోయి మధ్యలో ఆపి, అలసటగా నవ్వడం మా అరుగు మీదినుంచి నేను చూశాను. ఆ నవ్వుని కూడా అభిమానులు పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

శివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్ళకి ప్రభ కట్టడం మా ఊరి పరువు. తెలియనివాళ్ళకి చెప్పాలంటే, అది బండి మీద ఆకాశానికి లేపిన వెదురు కట్టడం. నిలువునా రంగు గుడ్డలు, అద్దాలు, వేలకొద్దీ బల్బులు. కింద చిన్న వేదిక, అక్కడ ఆటాపాటా. నెలరోజులు ఊరంతా దాని చుట్టూనే తిరిగేది. మా ప్రభ పక్క ఊరి ప్రభ కంటే మూరెడు పొట్టిగా ఉన్న ఏడు మా పెదనాన్న ముభావంగా వారం గడిపాడు. బయల్దేరే ముందురోజు పొద్దు గూకే వేళ ఊళ్ళోనే దీపాలు వెలిగించి చూసుకోవడం ఆనవాయితీ. పక్క ఊళ్ళవాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చి చూసి, వంకలు పెట్టి పోయేవాళ్ళు. ఆ యేడు వేదిక మీద అంజి–బ్రహ్మం. సంఘంవాళ్ళు నాలుగు రోజులుగా పక్క ఊరివాళ్ళకి సవాళ్ళు విసురుతున్నారు, మా రైలు ముందు మీ మేళం నిలబడితే మీసాలు తీస్తామని. ఆ సంఘంలో సగంమందికి అప్పటికి తీయడానికి మీసాలు లేవు.

దానికి ముందు కార్తీకంలోనే అంజి తండ్రి క్వారీలో పోయాడు. పైనుంచి రాయి జారిందన్నారు. మా ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పలకరించడానికి పోలేదు. శివరాత్రికి వాయిస్తాడా లేదా అని మాత్రం అడిగించారు. వాయిస్తానన్నాడు.

దీపాలు వెలిగాయి. జనం ఓ అని అరిచారు. వేదిక మీద అంజి కీబోర్డు ముందు కూర్చుని ఒక్క స్వరం నొక్కి పట్టాడు. కింద మంద్రంలో, కదలకుండా, అలాగే ఉండిపోయింది. సంఘంవాళ్ళు తుండుగుడ్డలు చేతుల్లో సిద్ధంగా పట్టుకుని కూత కోసం చూస్తున్నారు. కూత రాలేదు. కొంతసేపటికి బ్రహ్మం పలక మీద ఒక దెబ్బ వేశాడు. ఆగాడు. ఇంకో దెబ్బ. మళ్ళీ ఆగాడు. రెండు దెబ్బలకీ మధ్య ఇంకో దెబ్బ పట్టేంత చోటు, అది ఖాళీ. అలాగే సాగుతోంది. "ట్యూనింగ్ చేసుకుంటన్నారు లేరా" అన్నాడొకడు. "కాదు, ఓల్టేజీ లేదు, రైలు కదల్లా" అన్నాడు ఇంకొకడు. ఆ ఖాళీ చూసి ఓర్చుకోలేక ముగ్గురు నలుగురు అందులో చప్పట్లు దూర్చడం మొదలుపెట్టారు. పాటని బాగుచేస్తున్నామనే అనుకున్నారు పాపం. బ్రహ్మం తల అడ్డంగా ఊపాడు, వద్దని. అభిమానికి కళాకారుడు వద్దని చెప్పడం అంతకుముందు వాళ్ళు ఎరగరు. పక్క ఊరివాడొకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏందిరా మీ రైలు గేటు కాడ నిలబడిపోయిందే" అని అరిచాడు. అంతే, సాంబన్నయ్య మొహం మిరపపండు అయింది. "తీగ పీకండ్రా. ఆ పాట ఆపండి" అన్నాడు.

జనరేటర్ దగ్గర బోర్డులో రెండు తీగలున్నాయి, ఒకటి లావుది, ఒకటి సన్నది. సంఘం దృష్టిలో ప్రభకి ప్రాణం పాట, దీపాలు అలంకారం. కాబట్టి పాట తీగే లావుగా ఉంటుందని వాళ్ళు తేల్చుకున్నారు. ముగ్గురు కలిసి లావు తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. బోర్డు బోర్డంతా ఊడి వచ్చింది. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ప్రభ, నెలరోజుల చాకిరీ, మా పెదనాన్న పరువు, అన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. కొండకి బయల్దేరకముందే ప్రభ ఆరడం! ముసలివాళ్ళు గుండెలు బాదుకున్నారు. "ఎవడ్రా పీకింది? ఎవడికి పుట్టిన ఆలోచనరా ఇది?" అని మా పెదనాన్న కర్ర పట్టుకుని వీధిలో గెంతుతున్నాడు. పీకినవాళ్ళు అందరికంటే బిగ్గరగా "ఎవడ్రా, ఎవడ్రా" అని వెతుకుతున్నారు. పక్క ఊరివాళ్ళ నవ్వులు ఆ మసక చీకట్లో ఎటు తిరిగినా వినిపిస్తున్నాయి.

ఆ గోలంతా జరుగుతుండగా ఒక సంగతి జరిగింది. కరెంటు లేకపోయినా బ్రహ్మం ఆపలేదు. స్పీకరు మూగబోయింది, ఉత్త చెక్క మీద పుల్ల పడే చప్పుడు మాత్రం వస్తోంది. టక్. ఖాళీ. టక్. ఖాళీ. మా అరుగు వేదికకి ఇరవై అడుగులు కూడా ఉండదు. నా పక్కన నాయనమ్మ అప్పటిదాకా ఆకూ వక్కా దంచుతోంది. ఆమె చెయ్యి ఆ చప్పుడుకి వరస కలిపినట్టుంది, ఖాళీ దగ్గర పైకి లేచిన రోకలి పైనే ఆగిపోయింది. "ఒకడే కొడతన్నాడే" అంది. "రాయి పగలగొట్టేటప్పుడు ఇద్దరు కొడతారు, ఒకడి తర్వాత ఒకడు. రెండోవాడు లేడు. పోయినట్టుండాడు." రోకలి రోట్లో వేయకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఊరినంతా దులిపేసే మనిషి, ఆ ఒక్క పూట ఎవరినీ ఏమీ అనకుండా లోపలికి పోయి పడుకుంది. నేను విన్నాను. చానా గమ్మత్తుగా ఉందే ఈ మాట, ఎక్కడైనా వాడుకోవచ్చు అనుకున్నాను. పదిహేడేళ్ళ పిల్లకి ఆ మాటలో కనిపించింది అంతే.

అవకాశం మర్నాడు పొద్దున్నే వచ్చింది. సంఘానికి ఇప్పుడు ఒక దోషి కావాలి. తీగ పీకినవాళ్ళు తామే కాబట్టి దోషి తాము కాదు, పీకించేంత చెత్త పాట వాయించినవాళ్ళే దోషులు. ఈ తీర్పు ఇవ్వడానికి వాళ్ళకి టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. సాంబన్నయ్య మా వసారాలోకి వచ్చి, మిరపకాయల మధ్య గొంతుక్కూర్చున్నాడు. "ఏమే పద్మా, నీ రాత బాగుంటది గదా. మా సంఘం తరఫున వాళ్ళకి గట్టిగా ఒక ఉత్తరం రాయి. మళ్ళీ అట్టాంటి పాట మా ఊళ్ళో వాయించగూడదు. నువ్వు రాసినట్టు ఎవరికీ చెప్పన్లే" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అంత పెద్ద సభ నా రాత కోసం ఎదురుచూస్తోందనే సంతోషంతో మంట చేతులతోనే కాగితం తెచ్చుకున్నాను. అది నా జీవితంలో మొదటి విమర్శ. "మిమ్మల్ని తలకెత్తుకుంది మేము. మేము దింపితే మీరు నేల మీద. మేము అడిగింది రైలు, మీరు తెచ్చింది శవయాత్ర" అని మొదలుపెట్టాను. మధ్యలో ఇంకా చాలా రాశాను, అవన్నీ ఇక్కడ తిరగరాయడానికి సిగ్గేస్తోంది. చివర్లో ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా ముగించాను: "దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఎందుకు వదిలారో అర్థం కాలేదు. రెండో సమ్మెట ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చినట్టున్నారు. వెళ్ళి తెచ్చుకోండి."

సాంబన్నయ్య చదువుకుని తొడలు చరుచుకుని నవ్వాడు. కింద వీణ స్టాంపు గుద్దాడు. కొండ దారిలో ప్రభ ఆగిన చోట, పదిమంది మధ్యలో దాన్ని గట్టిగా చదివి వినిపించి అంజి చేతికి ఇచ్చాడట. అంజి దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడట. ఆ సాయంత్రం ఇద్దరూ కొండ కింద వేదికెక్కి రైలు వాయించారట. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. సంఘంవాళ్ళు తిరిగొచ్చి, "దారికొచ్చారు" అని చెప్పుకున్నారు. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ ఎక్కడా వాయించినట్టు ఎవరూ వినలేదు. పై ఏడు ప్రభకి మావాళ్ళు కబురు పెడితే, కీబోర్డు పాడైందని జవాబొచ్చింది. అంజి తండ్రి పని చేసిన క్వారీలోనే కంప్రెసర్ మీదికి వెళ్ళాడు. బ్రహ్మం మోటార్లకి తీగ చుట్టుకుంటూ బతికాడు. సంఘం మూడు నెలలు కష్టపడి ఇంకో పార్టీకి అభిమానులయింది. స్టాంపు పారేయడం ఎందుకని దాన్నే వాడుకున్నారు, పేర్లున్న భాగం బ్లేడుతో చెక్కేసి.

ఇప్పుడు మా ఊరి ప్రభ మీద మనుషులు వాయించరు. లారీ మీద లారీ ఎక్కించినన్ని స్పీకర్లు, వాటి వెనకాల నల్లకళ్ళద్దాలవాడు ఒక మీట తిప్పుతాడు. గుండె జబ్బున్నవాళ్ళని ఆ రెండు రోజులు చుట్టాలిళ్ళకి పంపుతున్నారు. పోయినసారి ఆ కళ్ళద్దాలవాడు ఏదో కొత్తరకం మోత పెడితే కిందున్నవాళ్ళు నీళ్ళ సీసాలు విసిరారు, మర్నాడు ఫోన్లలో వాడి వంశాన్నంతా తిట్టారు. వాడి పాత మోతకీ కొత్త మోతకీ తేడా నాకైతే తెలియలేదు, వాళ్ళకి మాత్రం ప్రాణాలు పోయేంత తేడా కనిపించింది. మా రోజుల్లోని అభిమానులు మంచివాళ్ళని, ఇప్పటివాళ్ళు చెడిపోయారని రాయాలని ఇలాంటి జ్ఞాపకాల పుస్తకాల్లో అందరికీ ఉబలాటంగా ఉంటుంది. నాకు ఆ అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. అప్పుడూ ఇదే జాతి. నచ్చినవాడు నచ్చినచోటే మేకు కొట్టినట్టు నిలబడాలి. కదిలితే ద్రోహం. చచ్చిపోతే మాత్రం లెజెండ్, ఎందుకంటే ఇక కదలడు. ఒక్క తేడా ఉంది, అప్పుడు తిట్టు రాయడానికి చేతిరాత బాగున్న పిల్ల ఒకత్తి కావాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్ళకే ఉంది.

మొన్న బ్రహ్మానికి మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను. అంజికి ఊపిరితిత్తుల్లో రాతిపొడి చేరిందని, రెండేళ్ళు మంచం మీదే ఉన్నాడని చెప్పాడు. సాంబశివరావుగారు పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టిస్తానన్నారని, స్పీకర్లు తెప్పించి రైలు పాట పాత క్యాసెట్ వేయిస్తానన్నారని చెప్పాడు. "వద్దన్నానమ్మా. ఆ రోజు ఆపేసిన పాట వాయిస్తా. ఉత్త చెక్క మీదే, కరెంటు పని లేదు. చిన్న కార్డు ఒకటి అచ్చేయించి నలుగురికీ పంచుదామని. దాని మీదికి నాలుగు ముక్కలు" అన్నాడు.

"నేనెందుకన్నా? మీ వాడలో చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారుగా" అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆయన చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగి, వెనక గమ్ముతో సన్నకాగితం అంటించి ఉంది. కింద వెలిసిపోయిన వీణ. నా అక్షరాలు మాత్రం నిన్న రాసినట్టున్నాయి, గర్వంగా, గుండ్రంగా. వాటి మీద నాకు చూపు నిలవలేదు.

"ఇది నేను రాసిందని నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"ఆ రోజే తెలిసింది. నీ రేడియో చీటీలు ఎన్ని చదివానో నాకు తెలవదా? ఆ 'క' అట్టా మెలిపెట్టేది నువ్వొక్కదానివే" అని నవ్వాడు.

"నా వల్లే మీరు ఆపేశారు" అన్నాను. ఆ మాటలో కూడా కాస్త గొప్ప కలిసిందని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

"ఛ, నీ ఉత్తరానికి అంత బలమేడుందమ్మా? అంజికి ఆ పాట తర్వాత ఇంకేదీ వాయించబుద్ధి కాలా, అంతే. వాళ్ళ నాయన, ఇంకొకాయన ఇద్దరూ ఎదురెదురుగా సమ్మెట కొట్టేవాళ్ళు. నాయన పోయిన మర్నాడు అంజి క్వారీ కాడికి పోతే ఆ ఇంకొకాయన ఒక్కడే కొడతన్నాడంట. నాయన దెబ్బ పడాల్సిన చోట ఆగి, అప్పుడు కొడతన్నాడంట. కొత్తవాణ్ణి ఇస్తామన్నా వద్దన్నాడంట ఆ పూటకి. అంజి అది విని వచ్చి నాకు చెప్పి పాట కట్టాడు. ఒక్కడికన్నా తెలుస్తదేమో అని ఆశ." బ్రహ్మం ఉత్తరం చివరి వరస మీద వేలు పెట్టాడు. "ఊరంతా దరువు లేదు, దరువు లేదు అన్నారు. రెండో సమ్మెట లేదన్నది నువ్వొక్కదానివే. అంజి దీన్ని పారెయ్యనియ్యలా. తిడితే తిట్టింది, విన్నది ఈ పిల్లేరా అనేవాడు. పోయేముందు కూడా అన్నాడు, కార్డు మీద రాయాల్సొస్తే ఆ అమ్మాయి చేతే రాయించు అని. అదే మాట రాయమ్మా, ఎగతాళి తీసేసి."

ఇప్పటివరకు నా రాతకి నాలుగు శాలువాలు వచ్చాయి, బీరువాలో ఉన్నాయి. ఇచ్చినవాళ్ళు నా పుస్తకం తెరిచి కూడా చూడలేదని నాకు తెలుసు, వాళ్ళని నేను ఎంత వెక్కిరించానో లెక్క లేదు. ఒక మనిషి నా కాగితాన్ని చిరుగులు అంటించుకుంటూ జీవితమంతా దాచుకున్నది ఇదొక్కసారే. ఆయనతో నిజం చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ బ్రహ్మం కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నాకు ఆ మెప్పు తియ్యగా ఉంది. మెచ్చుకోవడం ఎరగని ఇంట్లో పుట్టినదాన్ని, దొరికినదాన్ని వదులుకోలేకపోయాను. నోరు మూసుకుని తెల్లకార్డు ఒకటి తీసుకున్నాను. అంజి పేరు రాసి, కింద "రెండో సమ్మెట ఆగింది" అని రాశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, పాత ఉత్తరంతో కలిపి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు బల్ల మీది పలకని రెండు వేళ్ళతో ఒకసారి కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు. పలకని సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆదివారం వెళ్ళాను. వాయిస్తున్నంతసేపూ సాంబన్నయ్య ముందువరసలో కూర్చుని, ఖాళీ వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు, అంతా తెలిసినవాడిలాగా. అది చూసి నాకు ఎప్పటిలాగే నోటిదాకా ఒక మాట వచ్చింది. అనలేదు. అయిపోయాక బ్రహ్మం నన్ను వాళ్ళ వాడవాళ్ళకి చూపించి, "మా పాట విన్న మనిషి" అని చెప్పాడు. నేను అందరికీ నమస్కారం పెట్టాను. ఆయనకి చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ పాట విన్నది మా నాయనమ్మ. ఆమెకి రాయడం రాదు.